చేప తేలితేనే నష్టమా?

తొలి వరదకే వరంగల్‌ శివారు చెరువుల్లో నీళ్లు ఏడు రంగుల్లో మెరుస్తున్నాయి. మెకానిక్‌ షెడ్లలో బండి కింద తొట్టి పెట్టి దించిన నల్లటి ఇంజన్‌ ఆయిల్‌ మోరీలో పడి, నాలా దాటి, చెరువు చేరుతోంది. అడిగితే అధికారుల జవాబు తయారుగా ఉంది: చేపలేం చావలేదు కదా! మాకు ఒళ్లు మండింది ఆ జవాబుకే.

ఎందుకంటే సముద్రం దగ్గరా ఇదే లెక్క. 2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకుంటే, కాలుష్యమేమీ లేదని మొదట ప్రకటన వచ్చింది. ఆ తర్వాత తారులాంటి ముద్దను కుర్రాళ్లు బకెట్లతో ఎత్తిపోశారు. 2025 మేలో కొచ్చి సముద్రంలో మునిగిన ‘ఎంఎస్‌సీ ఎల్సా-3’లో 367 టన్నుల ఫర్నేస్‌ ఆయిల్‌, 84 టన్నుల డీజిల్‌ ఉన్నాయి. దేశమంతా చూసింది ఒడ్డుకు కొట్టుకొచ్చిన కంటైనర్లను. మేమూ అవే ఫొటోలు వేశాం, తప్పు ఒప్పుకుంటున్నాం.

అసలు దెబ్బ తగిలేది నీటిలో తేలే వృక్ష ప్లవకాలకు, అంటే కంటికి కనబడని మొక్కల్లాంటి జీవులకు. వాటికి ఫొటో దిగే ఒడ్డూ పొడుగూ లేవు. ప్రోక్లోరోకాకస్‌ అనే జీవి సుమారు 0.6 మైక్రాన్లు, వెంట్రుక మందంలో నూరో వంతు. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోని ఇలాంటి అణుజీవులదే. చమురు తెట్టు కట్టిన చోట వెలుతురు దిగదు, గాలి ఆడదు. చమురులోని హైడ్రోకార్బన్లు కణం పొరలోని కొవ్వులో ఇంకి, ఆహారం తయారుచేసుకునే యంత్రాంగాన్నే చెడగొడతాయి. కణం చిన్నదయ్యేకొద్దీ దాని పరిమాణానికి పైపొర ఎక్కువ, పీల్చే విషమూ ఎక్కువే. ఎండ తగిలితే ఆ విషం ఇంకా ముదురుతుంది.

ప్లవకాలు రోజుల్లోనే రెట్టింపవుతాయి, చమురును తినే బ్యాక్టీరియా కూడా ఉంది, సముద్రం తనే సర్దుకుంటుందని కొందరంటారు. కావచ్చు. కానీ తిరిగి పెరిగేవి పోయినవేనా? చమురును తట్టుకునే మొండి జాతులు ముందుకొస్తాయి, సున్నితమైనవి వెనకబడతాయి. వృక్ష ప్లవకాలను మేసే బుల్లి జంతు ప్లవకాలు చస్తే నీళ్లు మునుపటి కన్నా పచ్చగానూ కనబడొచ్చు. పచ్చగా ఉంది కాబట్టి బాగైపోయిందని రాసుకుంటే సరిపోయె! 2010లో మెక్సికో సింధుశాఖలో చమురు చిమ్మినప్పుడు సుమారు 18 లక్షల గ్యాలన్ల రసాయనం చల్లి దాన్ని సన్నటి బొట్లుగా విరగ్గొట్టారు. మనుషుల కంటికి కనబడకుండా పోయింది, ఈ అణుజీవులకు మాత్రం మరింత దగ్గరైంది.

సముద్రం సంగతి ఓరుగల్లుకెందుకంటారా? ఉత్తర అమెరికా సముద్రాల్లో కలిసే చమురులో పెద్ద వాటా ఓడలది కాదు, నేల మీది నుంచి వానకు కొట్టుకొచ్చేదేనని అమెరికా జాతీయ అకాడమీలు 2022లో తేల్చాయి. ఇక్కడి మోరీలకూ దారి పల్లానికే. పాకాల నీళ్లు మున్నేరు మీదుగా కృష్ణలో, కాళేశ్వరం దాటిన గోదావరి అంతర్వేది దగ్గర బంగాళాఖాతంలో కలుస్తాయి.

అంత దూరం ఎందుకు, చెరువులో చేపపిల్ల మొదటి మేత ప్లవకాలే. చేపలు పెంచేవాళ్లు పేడ వేసి నీళ్లు పచ్చబడేదాకా ఆగుతారు. మోచేతి దాకా చెయ్యి ముంచి వేళ్లు కనబడుతున్నాయా లేదా అని చూసుకుంటారు. ప్రభుత్వమేమో ఉచితంగా చేపపిల్లలను తెచ్చి వదులుతుంది, వాటి మేత మీద ఆయిల్‌ పరుచుకుంటే పట్టించుకోదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన ఆయిల్‌ ప్రమాదకర వ్యర్థం. దాన్ని అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. ఎన్ని షెడ్లు ఇస్తున్నాయో చూసిరావడానికి ఏ శాఖకు తీరిక దొరికింది? చేప తేలకపోతే నష్టం లేదన్న మాట ఈ ఏడు చెల్లితే, వచ్చే ఏడు అదే ఆనవాయితీ అవుతుంది.

ఈసారి చేపపిల్లల బకెట్‌ పట్టుకుని మత్తడి మీద ఫొటోకు నిలబడే నాయకులు ముందు మోచేతి దాకా చెయ్యి ముంచండి. తీశాక ఆ చేతిని అందరి ముందు తెల్ల కండువాకు తుడవండి.