ఆరు నెలల జైలు

(గుంటూరు, బ్రాడీపేట. 1921-22లో బ్రిటిష్ సర్కారుకు పన్ను కట్టబోమని రైతులు ఎదురు నిలిచిన పెదనందిపాడు పన్నుల నిరాకరణలో పాల్గొన్నానని చెప్పుకున్న ఒక రైతు ఆత్మకథ రాతప్రతి అచ్చుకు వెళ్లబోతోంది. చరిత్ర పరిశోధకుడైన మాస్టారు అడ్డుపడ్డారు. ఆయనకు ఎదురుగా రైతు మనుమరాలు.)

మాస్టారు: 1921లో బెజవాడ కాంగ్రెసు సభలో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ జెండా మీద అశోకచక్రం చూశానంటారు మీ తాతగారు. అక్కడ పింగళి వెంకయ్యగారు గాంధీగారికి చూపించినది ఎరుపు, ఆకుపచ్చల జెండా అమ్మా. కాషాయం 1931లో వచ్చింది, అశోకచక్రం 1947లో.

మనుమరాలు: రాసేనాటికి ఆయనకు డెబ్బై దాటాయి. ఏటా పంద్రాగస్టుకు చూసే జెండానే కళ్లలో నిలుస్తుంది. అంతమాత్రాన సభకు వెళ్లలేదని తేలిందా?

మాస్టారు: తేలలేదు. కల్పించేవారైతే రంగులు ఎవరినైనా అడిగి సరిగానే రాసేవారు. నా పేచీ జైలుతో. ఆరు నెలలు ఉన్నానన్నారు. రాజమండ్రి, కడలూరు రిజిస్టర్లు చూశాను. పేరు లేదు.

మనుమరాలు: కాగితంలో లేకపోతే మనిషే లేడా? ఉద్యమంలో గ్రామోద్యోగులే రాజీనామాలు ఇచ్చేశారు. ఊళ్లో జరిగింది రాయవలసినవాళ్లే కలం కింద పెడితే ఇక మిగిలినవి దొరల నివేదికలే కదా! మా నాయనమ్మ వాలంటీర్లకు రాత్రిళ్లు అన్నం వండిపెట్టిందని తాతయ్య రాశారు. అది ఏ నివేదికలో వెతుకుతారు మాస్టారూ?

మాస్టారు: పుస్తకం మొత్తంలో ఆ పేజీయే నాకు ఇష్టం. నమ్ముతాను కూడా, అది రాస్తే ఆయనకు ఒరిగేదేమీ లేదు కనుక. జైలు సంగతి అలా కాదు. 1972లో కేంద్రం సమరయోధులకు పింఛను ప్రకటించింది. కనీసం ఆరు నెలల జైలు ఉండాలన్నారు. ఆ మరుసటి ఏడు రాసిన పుస్తకంలో సరిగ్గా ఆరు నెలలే!

మనుమరాలు: నిజంగా ఆరు నెలలు ఉన్నవాళ్లు మరేమని రాస్తారు? జైలు రికార్డు దొరక్కపోతే తోటి ఖైదీల ధ్రువపత్రాలు తెమ్మంది ప్రభుత్వమే. తాతయ్య తెచ్చారు. సర్కారు నమ్మింది, మీరే నమ్మరు.

మాస్టారు: సర్కారుకు దరఖాస్తు తేల్చుకుంటే చాలు. (ఇక్కడ కాస్త తగ్గి ఉంటే కాఫీ అయినా దక్కేది. మాస్టారికి అలవాటు లేదు.) జైలు పేజీని వెలుతురుకు పెట్టి చూడండి. ‘ఆరు’ పక్కన కొట్టేసిన మాట ‘వారాలు’. పైన వేరే సిరాతో ‘నెలలు’.

మనుమరాలు: (చాలాసేపు చూసి) ఇది తాతయ్య రాత కాదు. నాయనమ్మది. దరఖాస్తుకూ పుస్తకానికీ పొంతన ఉండాలని దిద్ది ఉంటుంది. అంటే పుస్తకంలో ఆయన నిజమే రాశారు!

మాస్టారు: దరఖాస్తులో రాయలేదు.

మనుమరాలు: మీరు తేలుస్తానన్నది పుస్తకం సంగతి.

మాస్టారు: సరే. ‘వారాలు’ అనే అచ్చు వేయించండి. ఆరు వారాలకైతే ఏ సబ్‌జైలులోనో ఉంచి వదిలేసి ఉంటారు. దిద్దుబాటు సంగతి అడుగున చెబుదాం.

మనుమరాలు: నాయనమ్మను దొంగను చేసి?

మాస్టారు: అన్నం వండిందంటే నమ్మాను. దిద్దిందన్నదీ నమ్మాలి కదమ్మా.

మనుమరాలు: నమ్మండి. అచ్చులో మాత్రం వద్దు.