ముందు మాకు కాదు, 108కి చేయండి

కిందటి వేసవిలో ఒక రాత్రి రెండున్నరకు పరకాలలో మా పెదనాన్నకు ఛాతీ మీద బండ పెట్టినట్టయింది. దవడ లాగింది. బనియను పిండితే నీళ్లు కారేంత చెమట. పెద్దమ్మ నిమ్మసోడా కలిపి ఇచ్చి, వీపు రాస్తూ కూర్చుంది. "గ్యాసే, తెల్లారితే తగ్గుతుంది" అన్నాడాయన. మా అన్న ఉండే డాలస్‌లో అప్పుడు సాయంత్రం నాలుగు. పెద్దమ్మ మా అన్నకు ఫోను చేయబోతే, "వాడు పనిలో ఉంటాడు, కంగారు పెట్టకు" అని ఆపాడు.

ఐదున్నరకు ఆటో ఎక్కారు. ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి, ఆ తర్వాత హనుమకొండకు. ఈసీజీ తీసేసరికి ఏడు దాటింది. గ్యాసు కాదు, గుండెపోటు. ప్రాణం దక్కింది కానీ, ఇప్పుడు ఆయన మేడ మెట్లు ఎక్కలేడు.

వరంగల్‌లో ఎంజీఎం పెద్దాసుపత్రి ఉంది, హనుమకొండలో స్టెంట్లు వేసే ఆసుపత్రులున్నాయి. పరకాల నుంచి గంట ప్రయాణం. దూరం మనకు అడ్డు కాలేదు. రక్తం గడ్డకట్టి గుండె రక్తనాళం మూసుకుపోయాక గుండె కండరం నిమిషనిమిషానికీ చచ్చిపోతుంటుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి రెండు మూడు గంటల్లో పనిచేసినట్టు ఆ తర్వాత పనిచేయదు. స్టెంటు వేసేచోట రోగి గుమ్మం తొక్కిన 90 నిమిషాల్లో నాళం తెరవాలని వైద్యులు నియమం పెట్టుకున్నారు. మన ఇంట్లో మాత్రం మూడు గంటలు సోడాకే పోయాయి.

తప్పు పెదనాన్నది అనను. ప్రతి ఆదివారం ఫోనులో "ఏ ఇబ్బందీ లేదు కదా?" అని అడిగింది దూరాన ఉన్న పిల్లలం మేమే. లేదు అనడం తప్ప మరో జవాబుకు చోటివ్వని ప్రశ్న అది. మమ్మల్ని కంగారు పెట్టకపోవడమే ప్రేమ అని వాళ్లు అనుకున్నారు. అలా అనుకోనిచ్చింది మేము.

షుగరు ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఒక్కోసారి ఛాతీనొప్పే రాదు. ఆయాసం, వాంతి, చల్లటి చెమట, కారణం లేని నీరసం, అంతే. అందులోనూ మన ఇళ్లలో ఆడవాళ్లు అందరికీ వడ్డించాక గానీ తమ నొప్పి సంగతి ఎత్తరు. కారు ఉంది కదా, అంబులెన్సు ఎందుకనే వాళ్లూ ఉన్నారు. దారిలో గుండె ఆగితే కారు నడిపేవాడు ఏం చేయగలడు?

మొన్న ఆదివారం అమ్మకు ఇదంతా చెప్పి, గోడ మీది క్యాలెండరుపై 108 అని పెద్ద అక్షరాలతో రాయించాను.

"మరి నీకు ఎప్పుడు చెప్పాలి?" అంది.

"అంబులెన్సు ఎక్కాక" అన్నాను.