సవరణ: తడిక నీడ గురించి తిరగేసి చెప్పాను

మా కాలేజీ షార్ట్ ఫిల్మ్‌కి ఫిల్మ్ నువార్ (పాత హాలీవుడ్ నేర చిత్రాల చీకటి-వెలుగుల శైలి) లైటింగ్ గురించి మొన్న రాసిన పోస్టులో, గోడ మీద చారల నీడ పదునుగా రావాలంటే లైటును తడికకి దగ్గరగా జరపమన్నాను. తప్పు. చెయ్యాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

నిన్న రాత్రి విజయనగరం గంటస్తంభం దగ్గర ఓ పాత పెంకుటింట్లో మళ్లీ పెట్టి చూశాం. 1940ల హాలీవుడ్ వాళ్ల వెనీషియన్ బ్లైండ్లు (కిటికీకి వేసే అడ్డపట్టీల తెరలు) మనకెక్కడివి, వెదురు తడికే దిక్కు. లైటు అడుగు దూరంలో ఉంటే గోడంతా అలికినట్టుంది. పదడుగులు వెనక్కి లాగి, తడికను గోడవైపు జరిపేసరికి ఒక్కో బద్ద నీడా విడివిడిగా తేలింది. మా హీరో ముక్కు మీద ఒకటి వంకరగా పడింది, అదే బాగుంది. లైటుకి తొడిగి వెలుగును మెత్తబరిచే సాఫ్ట్‌బాక్స్ మాత్రం తీసెయ్యాలి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది, అది కూడా లెక్కేసుకోండి.

లెక్కంటే గుర్తొచ్చింది. కీ లైటు (ముఖ్యమైన లైటు) కంటే ఫిల్ (నీడల్ని కాస్త తేలికచేసే లైటు) 3 స్టాపులు తక్కువుంటే ఆ రెండింటి వెలుగు నిష్పత్తి 3:1 అని రాశాను. ఒక్కో స్టాపుకీ వెలుగు సగమవుతుంది కాబట్టి అది 8:1. పాత పోస్టులో రెండూ దిద్దేశాను.