గంజాం మేకల తరఫున ఒక మనవి

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో పట్టుచీరల కొట్టుకెళ్లి, గంటసేపు చీరలు విప్పించి, లేచేటప్పుడు 'జస్ట్ బ్రౌజింగ్' అనే పెద్దమనుషుల మీద తక్షణం చర్య తీసుకోవాలి. ఈ మాట కొట్టువాళ్ల తరఫున అడగడం లేదు. వాళ్ల సంగతి వాళ్లు చూసుకోగలరు. మేకల తరఫున అడుగుతున్నాను. వాటికి ఓటూ లేదు, వాటి గురించి రాసే విలేకరీ లేడు.

బ్రౌజ్ అనేది ఇంగ్లీషులో మొదట మేకలాంటి జీవాల సొత్తు. పాత ఫ్రెంచిలో లేత చిగురుకున్న పేరులోంచి వచ్చింది. పొదల ఆకులు, చెట్ల చిగుళ్లు, లేత కొమ్మలు కొరుక్కు తినడమని దాని అర్థం. నేలమీది గడ్డి మేయడానికి వాళ్లు వేరే మాట పెట్టుకున్నారు, గ్రేజ్ అని. ఆవు గ్రేజరు, గొర్రె గ్రేజరు, మేక బ్రౌజరు. పశువైద్య కళాశాలల్లో ఇప్పటికీ ఇలాగే పాఠం చెబుతారు, పిల్లలు నవ్వకుండా రాసుకుంటారు.

మనం మాత్రం ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటూ పశువులన్నిటినీ ఒక్క క్రియకి కట్టేశాం. ఒకే ఒక్క చోట మనవాళ్లు శాస్త్రం తప్పలేదు. ఆఫీసులో చెయ్యి చాపేవాణ్ని 'గడ్డి తింటాడు' అంటాం, ఆకులు తింటాడని అనం. అంటే అతను నికార్సయిన గ్రేజరు. సర్వీసు పెరిగినకొద్దీ రెండూ మేసేవాళ్లు కనబడతారు నిజమే. అవసరమొస్తే మేకా గడ్డి తింటుందని శాస్త్రమూ ఒప్పుకుంటోంది.

ఇక మన మేక. గంజాం మేక అంటే ఏదో ఊళ్లో తిరిగే మేక కాదు. అది గుర్తింపు పొందిన జాతి. గంజాం, గజపతి, రాయగడ ప్రాంతాల్లో గొల్లలు మందలు తోలుకుంటూ ఊరూరా తిరిగి పెంచుతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి బరంపురం అటు ఒడిశాలోకీ, ఇచ్ఛాపురం ఇటు మన తెలుగువైపుకీ అయిపోయినప్పుడు మనుషులు సభలు పెట్టుకున్నారు, అర్జీలు రాసుకున్నారు. మేకలు చిగురు ఎటుంటే అటు వెళ్లాయి. ముందుకాళ్లు కొమ్మకి ఆనించి, మెడ సాచి, ముదురాకు వదిలేసి లేతది ఏరుకుని తిన్నాయి. తిన్నాయి అన్నది ముఖ్యం. మేక బ్రౌజ్ చేసిందంటే కడుపులోకి ఏదో ఒకటి వెళ్లి తీరుతుంది. చెట్టు చుట్టూ గంటసేపు తిరిగి, ప్రతి కొమ్మా వంచి చూసి, 'మళ్లీ వస్తాలెండి' అని వెళ్లిపోయిన మేక ఈ జిల్లాలో ఇంతవరకూ పుట్టలేదు.

ఇప్పుడు కొట్టుకి రండి. ఇక్కడ కొనకుండా పోవడానికి మూడు భాషలున్నాయి. తెలుగులో 'ఊరికే సూత్తన్నామండి' అంటే కొట్టాయన ముఖం మాడిపోతుంది. 'ఊరికే సూడ్డానికి ఇదేటమ్మా, ఠాకురాణి యాత్రా?' అంటాడు. ఊరి అమ్మవారి జాతర అయిన ఆ యాత్రయినా రెండేళ్లకోసారే. ఒడియాలో 'ఖాలి దెఖుఛి' అంటే కాస్త నయం. ఖాలి అన్న మాట వినగానే తెలుగు కొట్టాయనకి గల్లాపెట్టె కళ్లముందు మెదులుతుంది, నిట్టూర్చి ఊరుకుంటాడు. అదే 'జస్ట్ బ్రౌజింగ్' అని చూడండి. కుర్చీ వస్తుంది, కూల్‌డ్రింకు వస్తుంది. కుంభాల అంచున్న బరంపురం పట్టు, అదీ జీఐ, అంటే ఫలానా ఊరి సరుకేనన్న అధికారిక గుర్తింపు, ఉన్న సరుకు, ఒకటి తర్వాత ఒకటి పరుపు మీద పరుచుకుంటుంది. విప్పే కుర్రాడు సాయంత్రం దాకా మడతలు పెట్టుకుంటూనే ఉంటాడు. ఆ చీర నేసిన దేవాంగుల ఇంట్లో అదే వరసన 'జస్ట్ వీవింగ్' అని సగంలో లేచిపోతే ఏమవుతుందో ఎవరూ ఆలోచించరు.

పని ఒకటే, కొనకపోవడం. తెలుగులో అది పీనాసితనం, ఒడియాలో కాలక్షేపం, ఇంగ్లీషులో సంస్కారం. ఆ సంస్కారం కాస్తా మేక నోట్లోంచి లాక్కున్నది.

ఈ దోపిడీకి కంప్యూటర్లవాళ్లు రాజముద్ర వేశారు. 1990లో సెర్న్ అనే యూరప్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ మొదటి వెబ్ బ్రౌజరు తయారుచేశాడు. న్యాయంగా చెప్పాలంటే ఆయన్ని తప్పుపట్టలేం. అందులో పేజీలు చూడ్డమే కాదు, రాయడానికీ వీలుండేది. తిన్నచోటే నాలుగు మొక్కలు నాటే మేక అన్నమాట. 1993లో మొజాయిక్ అనే ఇంకో బ్రౌజరు వచ్చి బ్రౌజింగుని జనంలోకి తెచ్చింది. ఆ తర్వాత మన సందు సందునా నెట్ సెంటర్లు వెలిసి, గంట లెక్కన డబ్బు తీసుకుని మేపాయి. ఇప్పుడు ఆ మేత జేబులోకే వచ్చింది. ఇచ్ఛాపురం దాటితే ఒక భాషలో, బరంపురం చేరితే ఇంకో భాషలో ప్రకటనలు. అడుగడుగునా వెబ్‌సైట్లవాళ్లు కుకీలు, అంటే మన జాడ గుర్తుపెట్టుకునే చిట్టి ఫైళ్లు, తీసుకోండని బతిమాలతారు. తీసుకుంటాం, నోట్లోకి ఒక్కటీ రాదు. పైగా తిరిగిన జాడ తెలియకుండా హిస్టరీ తుడిచేసుకునే ఏర్పాటొకటి. ఈ వసతి మేకకి లేదు. అది తోటలో దూరితే, కొరికిన కొమ్మ దగ్గర్నుంచి గట్టున వదిలిన పెంటికల దాకా సాక్ష్యమే, తోటయజమాని కర్ర పట్టుకుని గొల్లాయన గుమ్మంలో ఉంటాడు.

కాబట్టి గంజాం, గజపతి, రాయగడ జిల్లాల మేకల తరఫున కోరేది ఒక్కటే. ప్రతి బట్టల కొట్టు గుమ్మానికీ పొద్దున్నే తాజా పనసకొమ్మ కట్టాలి. ఊరికే చూశామన్నవాళ్లని మర్యాదగా పంపెయ్యండి. బ్రౌజింగ్ అన్నవాళ్లు మాత్రం రెండాకులు నమిలి మింగి మెట్లు దిగాలి. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లయితే ఉప్పు ఇవ్వొచ్చు, మేకలకి అభ్యంతరం లేదు.