అంతా ఒరిజినలేనండి

మాది బరంపురం. మా ఇంటి నించి గోపాలపూర్ సముద్రం పదహారు కిలోమీటర్లు, స్కూటీ మీద అరగంట. అలాంటి చోటికి వెళ్ళి రాత్రికి తొమ్మిది వేలు పోసి హోటల్లో పడుకుంటామంటే వీధిలో వాళ్ళు నవ్వుతారని ఎవరికీ చెప్పకుండా వెళ్ళేం. పదో పెళ్ళిరోజు మరి. మా ఆవిడ ఎప్పుడో ఫోన్లో ఫోటోలు చూసి పెట్టుకుంది, దొరల కాలం నాటి బంగ్లా, బొటీక్ హోటల్ చేసేరట, ఎనిమిదే గదులట. నాయనమ్మకి ఎనభై నాలుగేళ్ళు, ఒక్కదాన్నీ వదల్లేం, పిల్లనీ వదల్లేం, సో పెళ్ళిరోజుకి ఇద్దరం కాదు నలుగురం తేలేం.

రిసెప్షన్లో మేనేజరు తాళంచెవి ఇచ్చేడు. ఇత్తడిది, చేతిలో పెడితే చెయ్యి కిందికి దిగిపోయింది. ఆ తర్వాత గైడులా మొదలెట్టేడు, ఒడియాలో కొంత ఇంగ్లీషులో కొంత. గోడలు రెండడుగుల మందం, సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపి కట్టేరు, తలుపులు బర్మా టేకు, 2013లో ఫైలిన్ తుఫాను ఇక్కడే తీరం దాటింది కదా సార్, ఊళ్ళో చెట్లన్నీ పడిపోయేయి, ఈ తలుపు మాత్రం ఇంచి కదల్లేదు. అంటూ తలుపుని రెండు చేతుల్తో నిమిరేడు. తర్వాత గొంతు తగ్గించి, రాత్రిళ్ళు వరండాలో పాత దొరగారు నడుస్తున్నట్టు చప్పుడొస్తుందని కొందరు గెస్టులు చెప్తారండీ, భయమేం లేదు, ఆయన ఎవర్నీ ఏం చెయ్యడు అన్నాడు. దీనికి ఎక్స్‌ట్రా చార్జీ వెయ్యలేదు అదే గొప్ప.

గోడ మీద పాత మ్యాపు ఒకటి ఫ్రేము కట్టి ఉంది, గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయ్యే దాకా మేం మద్రాసు కిందే కదా. నాయనమ్మ దాని ముందు నిలబడి, "మనది మద్రాసు అని నేనంటే మతిపోయిందని నవ్వేరు కదరా, ఇప్పుడు చూడండి" అంది. బర్మా టేకు అన్న మాట కూడా పట్టుకుంది, ఆవిడ భాషలో రంగం అంటే రంగూన్. "మా మావ రంగం ఓడెక్కింది ఈ రేవు నించేరా. ఓడ రాలేదని రెండు రాత్రులు ఇసకలో తొంగున్నాడు. మళ్ళీ జపానోళ్ళు బాంబులేసినప్పుడు అడవులంట నడుచుకుంటూ వచ్చేడు." మేనేజరుకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా వెరీ నైస్, వెరీ నైస్ అన్నాడు.

గది బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. సీలింగు ఇరవై అడుగుల ఎత్తు, ఫ్యాను మాత్రం ఆ ఎత్తులోనే తిరుగుతోంది, గాలి దానికే. పందిరి మంచం ఎక్కడానికి ఒక ముక్కాలిపీట. పాత రౌండు పిన్నుల ప్లగ్గులు, నా చార్జరు ఎందులోనూ దూరదు, మొత్తం గదికి పనికొచ్చే సాకెట్టు బాత్రూం అద్దం పక్కన ఒకటే. ఏం అడిగినా రూంబాయ్ ఒకటే మాట, "ఒరిజినల్ సార్." కిటికీ మూసుకోదు, ఒరిజినల్. నేల ఒక పక్కకి వాలి ఉంది, ఒరిజినల్. నాకు వేసిన ఎక్స్‌ట్రా బెడ్డు మాత్రం ఇనప మడత మంచం, దానికి వేరే పదిహేను వందలు, అదొక్కటే ఒరిజినల్ కాదు.

ఇంక బాత్రూం సంగతి. సింహం కాళ్ళ తొట్టె, అందులో మనిషి నిండుగా పడుకోవచ్చు, దాని మీద పదిహేను లీటర్ల గీజరు. మా ఆవిడ సినిమాలోలాగా నురగ పెట్టుకుని అందులో దిగుదామని ఇంటి దగ్గర్నించి షాంపూ సీసా తెచ్చుకుంది పాపం. వేన్నీళ్ళు చీలమండ దాకా వచ్చేయి, తర్వాత వచ్చినవన్నీ చన్నీళ్ళే. నాయనమ్మ తొంగి చూసి, "ఇదేటే, గేదెలికి కుడితి పోసే తొట్టిలాగుంది, చెంబేది?" అంది. బకెట్టూ మగ్గూ కావాలంటే రూంబాయ్ మొహం చిన్నబోయింది, మా థీముకి ప్లాస్టిక్ ఉండదు సార్ అన్నాడు. పావుగంటకి తోటలో మొక్కలకి నీళ్ళు పోసే ఆకుపచ్చ బకెట్టుని తువ్వాలు కప్పి, అటూ ఇటూ చూస్తూ, దొంగ సారా తెచ్చినట్టు తెచ్చి ఇచ్చేడు. నలుగురం దాంతోనే పోసుకున్నాం.

అసలు కథ రాత్రి మూడింటికి. మడత మంచం నేను కదిలితే చాలు కిర్రుమంటోంది, పక్కన పందిరి మంచంలో ముగ్గురూ దోమతెరలో రాజుల్లా నిద్రోతున్నారు. గాలికి వరండాలోకి వచ్చేను, లుంగీ మీద, ఫోను బాత్రూంలో చార్జింగులో ఉంది. సముద్రం గాలి ఒక్క ఊపు ఊపింది. తలుపు ధడేలుమంది. ఆ వెనకే లోపల ఇత్తడి గడియ సర్రున జారి కింద కన్నంలో టక్కుమని కూచున్న చప్పుడు. ఫైలిన్‌కే కదలని తలుపు, నా భుజానికి కదుల్తుందా?

మెల్లిగా కొట్టేను. తర్వాత గట్టిగా. పేరు పెట్టి పిలిచేను, కానీ ఆ బెల్లం కరక్కాయ గోడల్లోంచి నా గొంతు ఎలా వెళ్ళిందో ఏమో, లోపల్నించి మొదట పిల్ల ఏడుపు, తర్వాత మా ఆవిడ వణుకుతూ ఆంజనేయ దండకం. తాళం కన్నానికి నోరు పెట్టి "నేనే, నేనే" అన్నాను. దండకం స్పీడు పెరిగింది. నేను పక్క మంచం మీద ఉన్నానా లేనా అని చూడ్డానికి దోమతెర ఎత్తే ధైర్యం ఆ ముగ్గురిలో ఎవరికీ లేదు. చివరికి నాయనమ్మ గొంతు ఖణీమని వినపడింది:

"నలబై ఏడులోనే పొమ్మన్నాం కదరా దొరా! ఇంకా ఏటి పని నీకిక్కడ?"

ఇంక నేను తలుపు కొట్టడం ఆపీసేను.

గేటు దగ్గర వాచ్‌మన్‌ని లేపితే మనవాడే, ఇచ్ఛాపురం. "ఏటి బాబూ, గడియ పడిపోనాదా? ఆ రూముకి మామూలే" అన్నాడు, ఏదో కరెంటు పోయింది అన్నట్టు. ఆఫీసు తాళం మేనేజరు దగ్గరుంది, ఆయన ఆరింటికి గాని రాడు, ఫోను ఎత్తడు. పాపం తన దుప్పటి ఇచ్చేడు, తలకి చుట్టుకోమని తన ఎర్ర తువ్వాలూ ఇచ్చేడు, చెవుల్లో గాలి పోతుందని. నేను వరండాలో పొడుగు చేతుల పడక్కుర్చీలో కూచున్నాను, నిద్ర పట్టీసింది.

కళ్ళు తెరిచేసరికి తెల్లారింది. కింద ఇసకలో నోలియాలు, అదే జాలర్లు, తెప్ప లాగుతూ తెలుగులో ఎవర్నో తిట్టుకుంటున్నారు. నా ఎదురుగా కలకత్తా నించి వచ్చిన పెద్దాయన ఒకాయన కెమెరా పట్టుకుని నిలబడి ఉన్నాడు, పక్కన వాళ్ళావిడ. లుంగీ, దుప్పటి, ఎర్ర తలపాగా, పాత కుర్చీ, ఇంకేం కావాలి. నాలుగు ఫోటోలు తీసుకుని, లైటు బాగుందని తల కొంచెం ఎడమకి తిప్పమని సైగ చేసేడు. ఎందుకో తిప్పేను కూడా. వెళ్తూ వెళ్తూ కుర్చీ చేతి మీద యాభై రూపాయల నోటు పెట్టి, మా ఆవిడ తలుపు తీస్తున్న టైముకే, "ఒరిజినల్" అని వాళ్ళావిడతో అంటూ వెళ్ళిపోయేడు.

బిల్లు దగ్గర నేను మొహమాటపడుతున్నాను గానీ నాయనమ్మకి అలాంటివి లేవు. ఒడియాలోకి దిగింది. మనవడు రాత్రంతా బయట తొంగున్నాడు, లోపల ఆ ఇనప మంచం మీద ఎవరూ లేరు, పదిహేను వందలు ఎందుకు? మేనేజరు సారీ చెప్పేడు, ఒరిజినల్ గడియ అన్నాడు, హెరిటేజి అన్నాడు, ఆవిడ కౌంటరు మీద ఆనుకుని అలాగే చూస్తూ నిలబడింది. బిల్లులోంచి కొట్టేసేడు.

ఆటోలో నా జేబులోంచి ఆ యాభై తీసి కొంగున ముడేసుకుంది.

"మా మావ రెండు రాత్రులు తొంగున్నాడురా ఇక్కడ," అంది, "ఒక్కడంటే ఒక్కడు పైసా ఇయ్యలేదు."