150 అడుగుల పులిహోర

అమెరికాలో ఎరుపు సంప్రదాయవాదులైన రిపబ్లికన్ల రంగు, నీలం డెమొక్రాట్ల రంగు అన్న సంగతి మా మామగారికి విమానం దిగిన రోజే చెప్పి ఉండవలసింది. తెనాలి దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసుకుంటూ, ప్రతి ఎన్నికకూ ఎర్రజెండా పట్టుకుని గడప గడపకూ తిరిగిన మనిషికి, మేముండే ఫోర్సైత్ కౌంటీని (మన జిల్లా లాంటిది) ఇక్కడివాళ్లు 'రెడ్ కౌంటీ' అంటారని 2024 అక్టోబరులో ఎవరో చెప్పారు. డిపాజిట్టు దక్కితే చాలనుకునే తమ పార్టీ జార్జియాలో ఇంతగా వేళ్లూనుకున్నదా అని ఆయన పొంగిపోయి, ఆ సాయంత్రమే ఎదురింటి పెద్దాయన నెత్తిన ఎర్రటోపీ చూసి పిడికిలి ఎత్తి "లాల్ సలాం" అన్నారు. పెద్దాయన కూడా పిడికిలి ఎత్తారు. ఆ టోపీ ఇక్కడి విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టుదని, ఏ పార్టీదీ కాదని నాకు తరువాత తెలిసింది.

రంగుల సంగతి విప్పి చెప్పాక మామగారు రెండు రోజులు డీలాపడి, మూడో రోజు పాత అలవాటు ప్రకారం ఒక నోటుపుస్తకం తెరిచారు. ఊళ్లో ఉన్నప్పుడు ఆయన ఇంటింటికీ ఒక గుర్తు పెట్టుకుని, పోలింగుకు ముందురోజే ఫలితం చెప్పేవారట. మా వీధిలోని పద్నాలుగు ఇళ్లకు గుర్తులు పెట్టడం ఒక పూట పని అనుకున్నారు. 2012 అధ్యక్ష ఎన్నికలో ఈ కౌంటీలో నూటికి సుమారు 80 ఓట్లు రిపబ్లికన్ అభ్యర్థి రామ్నీకి పడ్డాయని, 2020కి ట్రంప్ వాటా సుమారు 66కు దిగిందని, 2010లో 1,75,511గా ఉన్న జనాభా 2020కి రెండున్నర లక్షలు దాటిందని, అలా వచ్చి చేరినవాళ్లలో మనవాళ్లు కూడా చాలామందే ఉన్నారని నేను చెప్పాను. 1992 తరువాత మొదటిసారిగా 2020 అధ్యక్ష ఎన్నికలో డెమొక్రాట్లు జార్జియాను గెలుచుకున్నది 11,779 ఓట్ల తేడాతోనే అన్నప్పుడు మాత్రం ఆయన కళ్లజోడు తీసి, "రాష్ట్రం మొత్తానికా అల్లుడు గారూ? మా వైపు ఎమ్మెల్యేలే అంతకన్నా ఎక్కువతో గెలుస్తారు" అన్నారు.

అసలు చిక్కు ఎదురింటి పెద్దాయనతోనే వచ్చింది. పుట్టినప్పటి నుంచీ రిపబ్లికన్‌నని చెప్పుకునే ఆయన, 2022లో గవర్నరు పదవికి రిపబ్లికన్ కెంప్‌కూ, సెనేటు స్థానానికి డెమొక్రాట్ వార్నాక్‌కూ ఓటు వేశానని ఏ దాపరికమూ లేకుండా చెప్పేశారు. ఇద్దరూ గెలిచారు కూడా. "దీన్ని మేం క్రాస్ ఓటింగ్ అంటాం, ఇలా బయటికి చెప్పుకోం" అని మామగారు తెలుగులోనే మందలించి, ఆ ఇంటికి ఎదురుగా పిల్లి బొమ్మ గీశారు. గోడ మీది పిల్లి అన్నమాట. వారం తిరిగేసరికి ఆ పేజీలో తొమ్మిది పిల్లులు చేరాయి. వాటిలో మూడు మన తెలుగు ఇళ్లవే. వాళ్లలో ఒకాయన పన్నుల భయంతో నీలం నుంచి ఎరుపుకు వెళితే, ఇంకొకాయన వీసాల భయంతో ఎరుపు నుంచి నీలానికి వచ్చారు.

ముందస్తు పోలింగుకు నేను బయలుదేరిన శనివారం నాడు, క్యూలో గంటలకొద్దీ నిలబడతారట అని మా అత్తగారు ఇరవై పొట్లాల పులిహోర కట్టారు. మామగారు సంచి భుజాన వేసుకుని నాతో వచ్చి, వరుసలో నా ముందున్నావిడ చేతిలో మొదటి పొట్లం పెట్టీ పెట్టగానే పోలింగు ఉద్యోగిని ఒకావిడ పరుగున వచ్చారు. పోలింగు కేంద్రానికి 150 అడుగుల లోపు ఓటర్లకు తిండి గానీ నీళ్లు గానీ ఇవ్వరాదని 2021లో ఇక్కడ చట్టం చేశారన్న సంగతి, సిగ్గుచేటుగా, నాకే గుర్తు రాలేదు. బిర్యానీ పొట్లాలతో ఓట్లు కొనే చోటి నుంచి వచ్చిన మామగారు, ఇది ఏ పార్టీ పులిహోరా కాదని ప్రమాణం చేశారు. ఏ పార్టీదైనా కుదరదని ఆవిడ మర్యాదగా చెప్పారు. పోనీ అల్లుడికైనా పెట్టుకోవచ్చా అని ఆయన అడిగితే, ఆవిడ నా వంక జాలిగా చూసి, నేను కూడా ఓటరునే కదా అన్నారు.

పొలాన్ని కాళ్లతో కొలిచే మామగారికి అడుగంటే తాను వేసే అడుగే. నూట యాభై అంగలు లెక్కపెట్టుకుంటూ ఆవరణ దాటి, రోడ్డవతల పక్కపక్కనే వేసిన రెండు పార్టీల టెంట్ల మధ్య చెట్టు కింద ఆగి సంచి విప్పారు. నేను ఓటు వేసి, పీచు పండు బొమ్మ ఉన్న స్టిక్కరు చొక్కాకు అంటించుకుని వచ్చేసరికి, ఎర్ర టెంటువాళ్లు, నీలం టెంటువాళ్లు ఒకే చెట్టు కింద వేరుశెనగ గుళ్లు ఏరుకుంటూ తింటున్నారు. నా వంతు మాత్రం మిగల్లేదు. అదే సమయంలో ఎవరో ఫొటో తీశారు. అందులో నీలం టెంటు పడలేదు. ఎర్ర టెంటు, పిడికిలి ఎత్తిన మా మామగారు మాత్రం చక్కగా పడ్డారు. మేము ఇంటికి చేరేలోపే మా తెలుగువాళ్ల వాట్సాప్ బృందంలో నేను పార్టీ మారానని తేలిపోయింది, నలుగురు అభినందించారు, ఇద్దరు బృందం వదిలి వెళ్లిపోయారు.

నవంబరులో రాష్ట్రం లక్షకు పైగా ఓట్ల తేడాతో మళ్లీ ఎరుపెక్కింది. మామగారు తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ ఉండగా ఆ నోటుపుస్తకం బల్ల మీద కనిపించింది. ఓటు రహస్యమని నేను ఎంత అడిగినా చెప్పలేదు గానీ, ఆయన కూతుర్ని అడిగినట్టున్నారు. మా ఇంటికి ఎదురుగా పిల్లి లేదు. ఒక ఎర్ర చుక్క, ఒక నీలం చుక్క ఉన్నాయి. నాది ఏదో నాకు తెలుసు. రెండోదాని సంగతి మా ఆవిడను నేను ఇంకా అడగలేదు.