నీళ్ళు చల్లిన ఆకు

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా ఊళ్ళో రామాలయం వెనక అమెరికాలోని మన తెలుగు సంఘం తరఫున అన్నదానం పెట్టాం. రామచంద్రపురం దగ్గర, కాలువ గట్టు మీద ఊరు మాది. పొద్దున్న కంటి పరీక్షలు, బడి పిల్లలకు సైకిళ్ళు, మధ్యాహ్నం భోజనాలు. ఏటా మనవాళ్ళు ఊళ్ళలో చేసే కార్యక్రమాల వరస మీకు తెలిసిందే. ఫ్లెక్సీ మీద సంఘం లోగో, దాతల పేర్లలో నా పేరు.

మొదటి బంతి వేశారు. కంద బచ్చలి కూర, పులిహోర, పూర్ణం బూరెలు. బంతి చివర్లో పదకొండు మంది బెంగాల్ కుర్రాళ్ళు వచ్చి కూర్చున్నారు. దాళ్వా, అంటే రెండో పంట వరి ఊడ్పులకు (నాట్లకు) వచ్చిన ముఠా. బోదెలో కాళ్ళు కడుక్కుని వచ్చారు కానీ గోళ్ళ చుట్టూ బురద ఇంకా ఉంది. మనలాగే ఆకుల మీద నీళ్ళు చల్లుకుని, చేత్తో తుడుచుకుని, వడ్డన కోసం చూస్తున్నారు. పెద్దాయన ఒకరు వచ్చి "మీరు తర్వాత, తర్వాత" అంటూ చేత్తో లేపారు. ఒక్కరూ మారు మాట్లాడకుండా లేచి వెళ్ళి కొబ్బరిచెట్టు కింద నిలబడ్డారు. వాళ్ళు నీళ్ళు చల్లిన ఆకుల ముందు మా బంధువులు కూర్చున్నారు. అందులో ఒక ఆకు ముందు నేను కూర్చున్నాను. ఆ పొద్దున్నే వాళ్ళు ఊడ్చి వచ్చింది నా చేనే.

వాళ్ళకు మూడో బంతిలో పెట్టారు. అప్పటికి బూరెలు అయిపోయాయి.

గోదావరి జిల్లాల మర్యాద గురించి మనం ఇక్కడ ఎంత గొప్పగా చెప్పుకుంటామో నాకు తెలుసు. నేనూ చెప్పాను. ఇంటికి వచ్చినవాణ్ణి తిననివ్వకుండా పంపని ఊరు మాది. మా అమ్మ పోస్టుమ్యాన్‌కి కూడా మజ్జిగ ఇవ్వకుండా పంపేది కాదు. అలాంటి ఊళ్ళో కూర్చున్నవాణ్ణి ఆకు ముందు నుంచి లేపడం నేను ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం అరుగు మీద బాబాయిని అడిగాను. నా నాలుగెకరాలూ ఆయనే కౌలుకి చేస్తున్నాడు. "మన చేలో ఊడ్చినవాళ్ళే కదా బాబాయ్, ఎందుకు లేపారు?"

"వాళ్ళకు డబ్బులిస్తున్నాం కదరా. ఈ భోజనాలు ఊరివాళ్ళవి" అన్నాడు. కాసేపాగి, "వాళ్ళొచ్చాక మన ఆడకూలీలకు పని పోయింది. సంపాదించిందంతా అక్కడికే పంపేసుకుంటారు. ఊళ్ళో కొట్లో రూపాయి ఖర్చు పెట్టరు" అన్నాడు.

బాబాయి చెడ్డవాడు కాదు. ఆ ముఠాలో ఒకడికి జ్వరమొస్తే బండి మీద కూర్చోబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది ఆయనే. కానీ ఆయన అన్న మాటలు నేను అంతకుముందే విన్నాను, ఇంగ్లీషులో. 2001లో నేను న్యూజెర్సీలో దిగిన కొత్తలో, ఆరు నెలలు ప్రాజెక్టు దొరక్క బెంచ్ మీద ఉండి, రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఏడుగురం పడుకునే రోజుల్లో, పక్కింటాయన మెట్ల మీద ఆపి, మీరొచ్చి మా జీతాలు తగ్గించారు అని మొహం మీదే అన్నాడు. లేఆఫ్‌లో ఉద్యోగం పోయిన మనిషి. ఆయన మాట పూర్తిగా తప్పని చాలా ఏళ్ళు వాదించాను. ఇప్పుడు సగమే తప్పనిపిస్తోంది.

ఫిబ్రవరిలో ఇక్కడ మన సంఘం సమావేశం జరిగింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌ వన్‌ బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టినప్పటి నుంచి మన ఇళ్ళల్లో ఎంత టెన్షన్ ఉందో చెప్పక్కర్లేదు. మనం ఈ దేశానికి బరువు కాదు, బలం అని వేదిక మీద ఒకరు లెక్కలతో చెప్పారు. మన పన్నులు, మన కంపెనీలు, మన డాక్టర్లు. అన్నీ నిజాలే. చివర్లో, "సరిహద్దు గోడ దూకి వచ్చి గడ్డి కోసేవాళ్ళతో మనల్ని కలపకూడదు" అన్నారు. హాలంతా చప్పట్లు. నా చేతులు లేవలేదు.

ఊరి లెక్క ముందు చూద్దాం. దాళ్వాకి గడువు చాలా తక్కువ. సార్వా, అంటే తొలి పంట ధాన్యం ఇల్లు చేరాక చేలు దమ్ము చేసి, జనవరిలో ఊడ్పులు ముగిస్తేనే వేసవిలో కాలువలకు నీళ్ళు ఆపేలోగా పంట గట్టెక్కుతుంది. అవే కొద్ది రోజుల్లో ఊరంతటికీ ఒక్కసారే మనుషులు కావాలి. ఒకప్పుడు ఉండేవారు. ఇప్పుడు మగపిల్లలు హైదరాబాదులో, చేపల చెరువుల మీద ఉన్నారు. ఆడపిల్లలు కువైట్‌లో, మస్కట్‌లో ఉన్నారు. నాలాంటివాళ్ళు ఇక్కడున్నారు. ఆ ఖాళీలోకే బెంగాల్ వాళ్ళు వచ్చారు. వాళ్ళు ఊడ్చిన చేను ఉంది కాబట్టే కోతమిషను డ్రైవరుకు పనుంది, బస్తాలు మోసే జట్టుకు పనుంది, మిల్లుకు ధాన్యముంది, నాకు కౌలు బస్తాలున్నాయి. ఊళ్ళో పనులు లెక్కపెట్టి వండిన బూరెలు కావు, ఒకడు తింటే ఇంకొకడికి లేకుండా పోవడానికి. ఒకడు చేసిన పని ఇంకో నలుగురికి పని పుట్టిస్తుంది.

డబ్బు బయటికి పోతోందన్న మాటకు జవాబు మనమే. 2022లో విదేశాల్లో ఉన్నవాళ్ళు మన దేశానికి పంపింది 11,100 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్క. మా ఊరి రామాలయం గోపురానికి రంగు వేయించిందీ ఆ డబ్బే, బాబాయి ఇంటి పైఅంతస్తు లేచిందీ ఆ డబ్బుతోనే.

అయితే బాబాయి మాటల్లో ఒకటి నిజం. తిరుగు ప్రయాణానికి ముందు రోజు, నా చిన్నప్పటి నుంచి మా చేలో ఊడ్చిన ఆవిడ ఇంటికి వెళ్ళాను. నాకు ఊహ తెలిసేనాటికే ఆవిడ ఊడ్పుల జట్టుకు పెద్ద. "వాళ్ళ మీద నాకేం కోపం లేదు బాబూ" అంది. "ఎకరాలకెకరాలు గుత్తకి మాట్లాడుకుని పొద్దు పొడవకుండానే దిగుతారు. ఆ స్పీడు మేం అందుకోలేం. మమ్మల్ని పిలవడం మానేశారు. ఇంక రావద్దమ్మా అని ఒక్క మాటైనా చెప్పలేదు, అది బాధ." ఆవిడ కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. ఆ ఇంట్లో అందరూ తిన్నాకే మా పిల్ల తింటుందంట అని కూడా చెప్పింది.

అక్కడే నాకు న్యూజెర్సీ పక్కింటాయన గుర్తొచ్చాడు. ఊరు మొత్తంగా బాగుపడటం, ఆవిడ ఇంట్లో పొయ్యి వెలగడం ఒకటే లెక్క కాదు.

చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడే తగువు పడ్డారు. 1980లో క్యూబాలోని మారియెల్ రేవు నుంచి కొద్ది నెలల్లో దాదాపు 1,25,000 మంది పడవల్లో ఫ్లోరిడా చేరారు. మయామీలో పనిచేసేవాళ్ళ సంఖ్య ఒక్కసారిగా సుమారు 7 శాతం పెరిగింది. అయినా అక్కడి జీతాల్లో చెప్పుకోదగ్గ దెబ్బ కనబడలేదని 1990లో ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ లెక్కతీశాడు. 2021లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవారిలో ఆయనొకడు. తర్వాత ఇంకో ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ అదే లెక్క తిరగేసి, హైస్కూలు పూర్తిచేయనివాళ్ళ జీతాలు బాగా పడ్డాయన్నాడు. ఆయన కూడా చిన్నప్పుడు క్యూబా నుంచి వచ్చినవాడే. 2016లో అమెరికా జాతీయ అకాడమీల నివేదిక, దీర్ఘకాలంలో మొత్తం జీతాల మీద ప్రభావం చాలా తక్కువ అంది. దెబ్బంటూ తగిలితే అది అంతకుముందు వలస వచ్చినవాళ్ళకూ, చదువు తక్కువైన స్థానికులకూ అని చెప్పింది. మొదటి తరం వచ్చినప్పుడు పిల్లల బడి ఖర్చు రాష్ట్రాల మీద, స్థానిక ప్రభుత్వాల మీద పడుతుందని, ఆ పిల్లలే పెద్దయ్యాక ఖజానాకు ఎక్కువ ఇచ్చేవాళ్ళలో ఉంటారని కూడా ఆ నివేదికలోనే ఉంది. మన పిల్లల సంగతి అది.

వచ్చినవాళ్ళను పంపేస్తే పాతవాళ్ళకు పని తిరిగొస్తుందా అంటే, దానికీ అనుభవముంది. మెక్సికో కూలీలను ఒప్పందం మీద అమెరికాకు తెచ్చే బ్రసేరో పథకాన్ని 1964లో ఆపేశారు. స్థానికుల కూలి పెరుగుతుందని ఆశపడ్డారు, పెరగలేదు. కాలిఫోర్నియా టమాటా తోటల్లోకి కోత మిషన్లు వచ్చాయి. మా ఊళ్ళో వరికోతకు ఇప్పటికే మిషను వచ్చేసింది. బెంగాల్ ముఠాను వెళ్ళగొడితే ఊడ్పులకూ అదే వస్తుంది, మా చేలో ఊడ్చిన ఆవిడకు పిలుపు రాదు.

మా పడమటింట్లో ఒక టేకు పెట్టె ఉంది. దాన్ని రంగం పెట్టె అంటాం. మా తాతగారి అన్నగారు కాకినాడలో స్టీమరెక్కి రంగం వెళ్ళారు, అంటే బర్మాలోని రంగూన్. రేవులో బస్తాలు మోశారు. మన వైపు నుంచి వెళ్ళినవాళ్ళను అక్కడ కోరంగీలు అనేవారు, మన కోరంగి రేవు పేరు మీద. బియ్యం ఎగుమతిలో బర్మా ప్రపంచంలోనే మొదటి స్థానంలో ఉన్న కాలం అది. ఆ బియ్యం దంచిన మిల్లుల్లో, ఓడలకెత్తిన రేవుల్లో మనవాళ్ళు. రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. బర్మా దేశం బాగుపడింది, కానీ ఆ బాగు ఎవరింటికి చేరిందో బర్మా కూలీకి తెలుసు.

1930 మేలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడలకెత్తే కంపెనీలు బర్మావాళ్ళను తెచ్చి పని నడిపించాయి. రాజీ కుదిరి మనవాళ్ళు తిరిగి రాగానే, బర్మావాళ్ళను పొమ్మన్నారు. ఆ రోజు మొదలైన కొట్లాటల్లో వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువగా మన కూలీలే. కొట్టుకున్నది కూలీలే, కంపెనీవాళ్ళు కాదు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది అడవుల్లో పడి నడిచారు. పెద్ద తాతగారు నడిచే ఇల్లు చేరారు. పెట్టె అంతకుముందే ఎవరి చేతో పంపారు. మా ఇంట్లో ఆయన మాటగా మిగిలింది ఒక్కటే: "మమ్మల్ని కొట్టినవాడూ మాలాగే బస్తాలు మోసేవాడు."

అందుకే నేను మన సంఘాన్ని అడిగేది ఇది. లాభపడేది మనం: నేలున్నవాళ్ళం, కౌలు తీసుకునేవాళ్ళం, ఇక్కడైతే కంపెనీలు. నష్టపడే మనిషికి లెక్క సరిచేయాల్సింది కూడా మనమే. హెచ్‌ వన్‌ బీ మీద వచ్చినవాడికి ఆ పనికి ఆ ఊళ్ళో నడుస్తున్న జీతం కన్నా తక్కువ ఇవ్వకూడదని అమెరికా చట్టం. మన దేశంలో 1979లోనే చట్టం చేశారు, వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన కూలీకి అదే పని చేసే స్థానిక కూలీ కన్నా తక్కువ ఇవ్వకూడదని. 2025 నవంబరులో దాన్ని కొత్త కార్మిక కోడ్‌లో కలిపేశారు. ఈ రెండు చట్టాల వెనక ఉన్నది ఒకటే బుద్ధి. కొత్తవాణ్ణి చవగ్గా దొరుకుతాడని తేకపోతే పాతవాడి కడుపు మీద కొట్టినట్టు కాదు.

డిసెంబరు, జనవరి కార్యక్రమాలకు ఇప్పుడే బడ్జెట్ వేస్తారు కనుక ఇప్పుడే అడుగుతున్నాను. సైకిళ్ళతో పాటు, ఊడ్పుల ముఠాలు పడుకోవడానికి ఒక షెడ్డు, రెండు మరుగుదొడ్లు పెట్టండి. మొన్న వాళ్ళు పడుకున్నది మోటారు గదిలో, యూరియా బస్తాల పక్కన. ఎకరం ఊడ్పుకి ఊరంతటా ఒకటే రేటు, ఎవరు ఊడ్చినా అదే రేటు అని రైతులను, మన ఆడకూలీలను, ముఠా మేస్త్రిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించండి. ఊళ్ళో సగం చేలు మనవాళ్ళవే, మన మాట వింటారు. నా నాలుగెకరాల్లో రెండు మన ఆడవాళ్ళ జట్టే ఊడవాలని బాబాయికి చెప్పాను, ఆలస్యమై దిగుబడి తగ్గితే ఆ మేరకు కౌలు వదులుకుంటానన్నాను. దానికి ఒప్పుకున్నాడు. ఇక్కడ సెనేటర్లకు రాసే ఉత్తరాల్లో కూడా "గడ్డి కోసేవాళ్ళు" అన్న మాట రానివ్వకండి.

ఆ పదకొండు మంది వెళ్ళేటప్పుడు వచ్చే దాళ్వాకి వస్తామని చెప్పి ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళారు. మొదటి బంతిలో పదకొండు ఆకులు వాళ్ళకు వేయించమని కూడా బాబాయిని అడిగాను. దానికి మాత్రం ఇంకా సరే అనలేదు. కార్యవర్గం నుంచి ఎవరైనా ఒకసారి ఫోన్ చేసి చెబితే కాదనడు.